1 యోహాను 5:7లోని ఆ మాట మన తెలుగు బైబిల్లో ఎందుకు లేదు? అది లేకపోతే త్రిత్వం నిలుస్తుందా?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీ ఆఫీసులో ఒకాయన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ తీసి 1 యోహాను 5:7 చూపించారు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని, ఈ ముగ్గురూ ఒక్కటే అని అందులో ఉంది. మీ తెలుగు బైబిల్ తీస్తే ఆ మాట కనబడలేదు. "అది తర్వాత ఎవరో ఇరికించింది. మీ త్రిత్వం దాని మీదే నిలబడింది. అసలు ఆ సిద్ధాంతమే 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి తయారుచేయించింది" అన్నారాయన. మీ పాస్టరు గారినడిగితే "సందేహాలు పెట్టేది సాతాను, ప్రార్థన చేసుకో" అన్నారు. అప్పటినుంచి బైబిల్ తెరవాలంటేనే మనసు రావట్లేదని రాశారు.

సూటిగా చెప్తాను. ఆయన చెప్పిన మూడింటిలో మొదటిది నిజం, మిగతా రెండూ తప్పు. ఆ వాక్యం యోహాను రాసింది కాదు, తర్వాత చేరింది. కానీ త్రిత్వం, అంటే ఒక్కడే దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న నమ్మకం, దాని మీద ఎప్పుడూ నిలబడలేదు. ఆ సిద్ధాంతం కోసం ప్రాణాలకు తెగించి వాదించినవాళ్ల దగ్గర ఆ వాక్యమే లేదు. కాన్‌స్టంటైన్ సంగతి కింద చెప్తాను.

నేను బైబిల్ కాలేజీలో గ్రీకు, సిద్ధాంతం చెప్తాను, ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్తాను. ఈ వచనం ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తెస్తారు. అందరూ మీలా బెంగపడి రారు, కొందరు కోపంగా వస్తారు: "కొత్త బైబిళ్లు దేవుని వాక్యాన్ని తీసేశాయి" అంటూ ప్రకటన 22:19 వేలితో చూపించి మరీ. వాళ్లకూ మీకూ చెప్పేది ఒకటే. తీసేసిందేమీ లేదు, కలిపినదాన్ని పక్కన పెట్టారు. ఆ పక్క వచనమే, 22:18, కలపకూడదని కూడా అంటుందిగా.

ముందు ఆ అధ్యాయాన్ని మొదటినుంచి పన్నెండో వచనం దాకా బయటికి చదవండి. క్లాసులో నేను చేయించేది అదే. యేసుక్రీస్తు నీళ్లద్వారా, రక్తంద్వారా వచ్చాడంటాడు యోహాను. ఆ వెంటనే, మన తెలుగు బైబిల్లో ఉన్నట్టు, "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును, ఈ ముగ్గురు ఏకీభవించి యున్నారు" అంటాడు. మాట సాఫీగా సాగిపోతుంది. యేసు నిజంగా శరీరంతో వచ్చాడు, నిజంగా చనిపోయాడు, దానికి సాక్షులు వీరు అన్నదే ఆయన వాదన. ఇప్పుడు కింగ్ జేమ్స్‌లో ఉన్న మాటను మధ్యలో పెట్టి చదవండి. నీళ్లు, రక్తం అని నేల మీద నడుస్తున్న మాట ఒక్కసారిగా పరలోకానికి ఎగిరి మళ్లీ భూమ్మీదికి దిగుతుంది. పోయిన బ్యాచ్‌లో ఒక కుర్రాడు, ఊళ్లో ఇదే వచనం మీద ప్రసంగాలు విని పెరిగినవాడు, ఇలా చదివాక "అయ్యగారూ, ఇది అతుకులా ఉంది" అన్నాడు. నేనేమీ చెప్పకముందే.

రాతప్రతులు కూడా అదే చెప్తాయి. నాలుగో శతాబ్దపు సైనాయ్ ప్రతిలో, వాటికన్ ప్రతిలో, ఐదో శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలో ఆ మాట లేదు. 1 యోహాను ఉన్న గ్రీకు ప్రతులు వందల్లో ఉంటే, ఆ మాట ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవీ చాలా ఆలస్యమైనవి, కొన్నిట్లో మార్జిన్‌లో తర్వాత రాసినదే. పుట్టింది లాటిన్ వైపు. మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్, ఆత్మ-నీళ్లు-రక్తం అన్న చోటును తండ్రి, కుమారుడు, ఆత్మలకు అన్వయించినట్టు కనిపిస్తుంది. స్పెయిన్‌లో 380 ప్రాంతంలో ప్రిస్కిలియన్ పేరుతో ఉన్న రచనలో మొదటిసారి దాదాపు ఇప్పటి రూపంలో దొరుకుతుంది. ఎవరో వ్యాఖ్యానంగా పక్కన రాసుకున్నది, తర్వాత నకలు రాసినవాడి చేతిలో అసలు పాఠంలోకి జారింది. మోసం చేయాలనే జారిందని అనుకోనక్కర్లేదు. మార్జిన్‌లో ఉన్నది వదిలిపోయిన వాక్యమో, ఎవరో రాసుకున్న నోట్సో నకలు రాసేవాడికి తెలియదు. వదిలేస్తే పాపమని కలిపేస్తాడు.

మరి కింగ్ జేమ్స్‌లోకి ఎలా వచ్చింది? ఎరాస్మస్ అనే డచ్ పండితుడు 1516లో బాజెల్‌లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేయించాడు. తన దగ్గరున్న గ్రీకు ప్రతుల్లో లేదు కాబట్టి ఈ మాట పెట్టలేదు. 1519 ముద్రణలోనూ పెట్టలేదు. ఇంగ్లండు నుంచి ఎడ్వర్డ్ లీ, స్పెయిన్ నుంచి జునిగా ఆయన మీద విరుచుకుపడ్డారు, దుర్బోధకు తలుపు తీస్తున్నావన్నంత పని చేశారు. తర్వాత ఈ మాట ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. చూస్తే అది ఆ కాలంలోనే రాసినది. అందులో తండ్రి, వాక్యం, ఆత్మ అన్న పదాల ముందు గ్రీకులో సహజంగా ఉండాల్సిన ఆర్టికల్స్ (ఇంగ్లీషు "the" లాంటివి) లేవు. లాటిన్‌లో ఆర్టికల్స్ ఉండవు. అంటే లాటిన్ ముందు పెట్టుకుని గ్రీకులోకి దించిన పని, గ్రీకు చెప్పేవాడికి చూడగానే తెలిసిపోతుంది. ఎరాస్మస్‌కూ అనుమానం వచ్చింది. అయినా నన్ను నిందించడానికి ఎవరికీ సాకు ఉండకూడదంటూ 1522 ముద్రణలో కలిపాడు. ఆ ప్రతి ఇప్పుడు డబ్లిన్‌లో ఉంది, ట్రినిటీ కాలేజీలో! నేను కల్పించింది కాదు, నిజంగా అక్కడే. (ఒక్క గ్రీకు ప్రతి చూపిస్తే కలుపుతానని ఎరాస్మస్ పందెం కాశాడని ఒక కథ తిరుగుతుంది. దానికి ఆధారం లేదు, మీరు ఎక్కడా చెప్పకండి.) అక్కడినుంచి పారిస్ ముద్రాపకుడు ఎస్టియెన్ 1550 ముద్రణలోకి, తర్వాత బెజా ముద్రణల్లోకి, వాటినుంచి 1611 కింగ్ జేమ్స్‌లోకి వచ్చింది. వచనాలకు నంబర్లు వేసింది కూడా ఈ ఎస్టియెనే, 1551లో. ఆ వాక్యం ఉన్న పాఠానికి నంబర్లు పడ్డాయి కాబట్టే ఈరోజు ఒక్కో బైబిల్లో ఏడో వచనం ఒక్కోలా మొదలవుతుంది.

మార్టిన్ లూథర్ తన జర్మన్ కొత్త నిబంధనకు 1519 ముద్రణను వాడుకున్నాడు. ఆయన బతికున్నంత కాలం తన బైబిల్లో ఈ మాట పెట్టలేదు. త్రిత్వం మీద ఆయనకు సందేహమని ఎవరైనా అనగలరా?

అసలు విషయం ఇక్కడుంది. త్రిత్వం గురించి భీకరంగా వాదోపవాదాలు జరిగింది నాలుగో శతాబ్దంలో, గ్రీకు మాట్లాడే సంఘాల్లో. 380లో కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రెగొరీ నాజియాంజెన్ అనే బిషప్ పరిశుద్ధాత్మ దేవుడేనని ప్రసంగం చేస్తున్నాడు. అప్పటికి ఆ నగరంలో చర్చిలన్నీ, కుమారుడు సృష్టించబడినవాడన్న ఏరియస్ పక్షం చేతిలో ఉన్నాయి, ఈయన చిన్న ప్రార్థనా స్థలంలో మాట్లాడుతున్నాడు. ఎదుటివాళ్ల వాదన ఇదీ: ఒకే జాతివాటినే కలిపి లెక్కపెడతాం, కాబట్టి మీరు ముగ్గురు అన్నారంటే ముగ్గురు దేవుళ్లన్నట్టే. దానికి గ్రెగొరీ ఏ లేఖనం తీశాడో తెలుసా? సరిగ్గా ఈ చోటునే. యోహాను ఆత్మను, నీళ్లను, రక్తాన్ని కలిపి ముగ్గురు సాక్షులన్నాడు కదా, అవి ఒకే జాతివా అని అడిగాడు. వేలు సరిగ్గా ఆ చోటు మీదే ఉంది. "తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే" అన్న మాట ఆయన ప్రతిలో ఉండి ఉంటే, ఆ వాదన అక్కడితో ముగిసేది. ఆయన ఎత్తలేదు, ఎందుకంటే లేదు. అలెగ్జాండ్రియా బిషప్ అత్తనాసియస్ కూడా ఏరియస్ పక్షానికి వ్యతిరేకంగా పుస్తకాలకు పుస్తకాలు రాశాడు, దీన్ని ఎక్కడా వాడలేదు.

లేని వచనం మీద సిద్ధాంతం ఎలా నిలబడుతుంది? మీ ఆఫీసు మిత్రుడిని అడగండి. ఈ ఒక్క సంగతి ఎదురుగా పెట్టాక ఆయన రెండో మాటకు బలం లేదు.

మరి దేని మీద నిలబడింది? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

మొదటి క్రైస్తవులు యూదులు. "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్న ద్వితీయోపదేశకాండము 6:4ను పొద్దునా సాయంత్రం చెప్పుకున్నవాళ్లు. దేవుడు ఒక్కడే అన్నదాన్ని వాళ్లు ఏనాడూ వదల్లేదు. ఇప్పుడు 1 కొరింథీయులకు 8వ అధ్యాయం తీయండి. మన ఇళ్లలో ఆ అధ్యాయం ఒక్క గొడవకే తీస్తాం: పక్కింటివాళ్లు ఇచ్చిన ప్రసాదం తినొచ్చా, తినకూడదా. ఆ హడావుడిలో ఆరో వచనం దగ్గర ఎవరూ ఆగరు. అక్కడ పౌలు మనకు ఒక్కడే దేవుడు, ఆయన తండ్రి. ప్రభువు ఒక్కడే, ఆయన యేసుక్రీస్తు అంటాడు. సమస్తం తండ్రినుంచి, సమస్తం క్రీస్తు ద్వారా అంటాడు. ద్వితీయోపదేశకాండంలోని దేవుడు, ప్రభువు (గ్రీకు అనువాదంలో యెహోవా అన్న చోట ఉండే మాట), ఒక్కడు అన్న మాటలనే తీసుకుని, వాటి లోపల యేసును పెట్టేశాడు. పక్కన రెండో దేవుడిగా నిలబెట్టలేదు. ఆ పత్రిక రాసింది 50ల మధ్యలో, యేసు సిలువ తర్వాత పాతికేళ్లు తిరగకముందు. కాన్‌స్టంటైన్ 325లో పిలిచిన నైసియా సభకు 270 ఏళ్ల ముందు. పైగా ఆ మాటను పౌలు వాదించి నిరూపించట్లేదు. విగ్రహార్పిత మాంసం గురించి మాట్లాడుతూ, మీకు తెలిసిందే కదా అన్నట్టు చెప్పి ముందుకెళ్లాడు. నాకు అన్నిటికంటే బలంగా కనిపించే ఆధారం ఇదే. యోహాను 1:1 కంటే కూడా.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, జాబితా రాస్తే మీరు చదవరు. యెషయా 45:23లో ప్రతి మోకాలు నా ఎదుట వంగుతుందని యెహోవా అన్నదాన్ని ఫిలిప్పీయులకు 2:10లో యేసుకు చెప్పారు. అననీయ పరిశుద్ధాత్మతో అబద్ధమాడాడని అపొస్తలుల కార్యములు 5:3, దేవునితోనే ఆడాడని 5:4. తోమా "నా ప్రభువా, నా దేవా" అంటే యేసు వారించలేదు.

ఇదంతా ఒక వైపు. రెండో వైపు, గెత్సేమనేలో యేసు తండ్రికి ప్రార్థించాడు. యొర్దాను దగ్గర కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ దిగివచ్చాడు, తండ్రి స్వరం వినిపించింది. అంటే తండ్రే కుమారుడు కాదు. దేవుడు ఒక్కడే, తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, ఆత్మ దేవుడు, ఒకరు మరొకరు కాదు. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా లేఖనంలో ఏదో ఒక భాగాన్ని కొట్టేయాల్సి వస్తుంది. అన్నిటినీ కలిపి పట్టుకోవడానికి సంఘం పెట్టుకున్న పేరే త్రిత్వం. ఇది ఎలా సాధ్యమో ఆ పేరు వివరించదు. వివరించేశామని చెప్పేవాళ్లను నమ్మకండి.

ఉదాహరణకు సండే స్కూల్లో మనందరం నేర్చుకున్న నీళ్లు, మంచు, ఆవిరి పోలిక. దయచేసి ఆఫీసులో అది వాడకండి. అవే నీళ్లు ఒకసారి మంచు, ఒకసారి ఆవిరి. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా వేషం మార్చాడన్న అర్థం వస్తుంది. మూడో శతాబ్దంలో సబెల్లియస్ బోధగా సంఘం తిరస్కరించింది దీన్నే. మన దగ్గర "యేసు నామంలోనే బాప్తిస్మం" అనే సంఘాలు ఇప్పటికీ దానికి దగ్గరగా చెప్తాయి. డెల్టాలో ఒక పల్లెలో అలాంటివాళ్లు ఒక పెద్దావిడతో నీ బాప్తిస్మం చెల్లదు, మళ్లీ తీసుకోవాలన్నారు. ఆవిడ ఏడుస్తూ వస్తే నేను సిద్ధాంతం చెప్పలేదు. "అమ్మా, గెత్సేమనేలో యేసయ్య ఎవరికి ప్రార్థించాడు?" అని మాత్రం అడిగాను. "తండ్రికి" అంది. "తనకు తానే చేసుకున్నాడా?" అంటే, "అదెట్లా అయ్యా" అంది. ఆవిడకు అంతకంటే అవసరం పడలేదు. అటు యెహోవా సాక్షులు రెండో కొసకు వెళ్తారు, కుమారుణ్ని సృష్టిలో మొదటివాడంటారు. ఏరియస్ చెప్పింది దాదాపు అదే. కాబట్టి "క్రైస్తవులందరూ" అని మీరు మాట్లాడేటప్పుడు కొంచెం జాగ్రత్త. కాథలిక్కులు, ఆర్థడాక్సులు, లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ., పెంతెకొస్తుల్లో ఎక్కువమంది, వీళ్లందరూ మాత్రం ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు.

ఇక కాన్‌స్టంటైన్. 325లో నైసియా సభ పిలిచింది ఆయనే, నిజం. కానీ అక్కడ చర్చ "యేసును దేవుణ్ని చేద్దామా" అని కాదు. అలెగ్జాండ్రియా సంఘ పెద్ద ఏరియస్ కూడా యేసును దేవుడనే పిలిచేవాడు, కాకపోతే సృష్టించబడిన దేవుడు, ఆయన లేని కాలం ఒకటి ఉందనేవాడు. యేసును ఆరాధించడం అప్పటికి పాత సంగతి. 112 ప్రాంతంలో రోమా గవర్నరు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, క్రైస్తవులు తెల్లవారుజామున కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడుతున్నారని చెప్పాడు. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్లకు మరణశిక్షలు వేస్తున్న అధికారి.

పైగా చక్రవర్తి ఆ సిద్ధాంతాన్ని బలవంతంగా రుద్దాడంటే ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. నైసియా మాట మీద గట్టిగా నిలబడిన అత్తనాసియస్‌ను ట్రియర్‌కు వెళ్లగొట్టింది కాన్‌స్టంటైనే. 337లో చనిపోయే ముందు ఆయనకు బాప్తిస్మం ఇచ్చింది ఏరియస్‌కు అండగా నిలిచిన నికోమీడియా బిషప్ యూసేబియస్. కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ ఏరియస్ పక్షానికి కొమ్ముకాశాడు. అత్తనాసియస్ మొత్తం ఐదుసార్లు ప్రవాసానికి పోయాడు, దాదాపు 17 ఏళ్లు అలాగే గడిచాయి. రాజు బలం చాలాకాలం అవతలి వైపే ఉంది. ఇంకోటి, బైబిల్లో ఏ పుస్తకాలుండాలో నైసియాలో తేల్చారన్నది కూడా వాట్సాప్ కథే, అక్కడ ఆ చర్చే జరగలేదు.

ఇప్పుడు మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్న ప్రశ్న. ఒక వాక్యం కలిసిందంటే ఇంకెన్ని కలిశాయో?

ముందు క్రైస్తవులు లేఖనం గురించి ఏం నమ్ముతారో సరిచూసుకుందాం. ప్రతి అక్షరం పైనుంచి చెప్తుంటే మనిషి కలంలా రాసుకుపోయాడని మన విశ్వాసం కాదు. లూకా తన సువార్త మొదట్లోనే అన్నిటినీ మొదటినుంచి పరిశీలించి రాస్తున్నానంటాడు. పౌలు త్రోయలో వదిలేసిన అంగీని, పుస్తకాలను తెచ్చిపెట్టమని తిమోతికి రాస్తాడు. ఆ మాట కూడా మన లేఖనంలో ఉంది! "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము" అన్నది ఆ పత్రికలోనే ఒక అధ్యాయం ముందు. దేవుడు మనుషుల బుర్రను, భాషను, అవసరాలను పక్కకు నెట్టకుండా వాళ్ల ద్వారానే మాట్లాడాడన్నది మన నమ్మకం. దైవావేశం అసలు రచనకు చెందింది, నకలు రాసిన ప్రతి చేతికీ కాదు. లేఖనంలో తప్పు లేదని గట్టిగా పట్టుబట్టే ఇవాంజెలికల్ పండితులు 1978 షికాగో ప్రకటనలో కూడా ఇదే అన్నారు.

నకళ్లలో తేడాలున్నాయి, దాచేది లేదు. ఇంతకంటే పెద్దవీ ఉన్నాయి. మార్కు 16:9-20, యోహాను 7:53-8:11 అత్యంత పాత ప్రతుల్లో లేవు. కాబట్టి ఒక్క వచనమే తేడా అని ఎవరితోనూ వాదించకండి. కానీ తేడాలన్నీ ఒకే దిక్కుకు లేవన్నది గమనించండి. 1 తిమోతి 3:16లో కింగ్ జేమ్స్ "దేవుడు" శరీరంతో ప్రత్యక్షమయ్యాడంటుంది, మన తెలుగులో "ఆయన" అని ఉంది, పాత ప్రతులు తెలుగు వైపే. ఇది కూడా రేపోమాపో మీ మిత్రుడు చూపిస్తారు. అప్పుడు మీరు యోహాను 1:18 చూపించండి. అక్కడ కింగ్ జేమ్స్‌లోనూ మన తెలుగులోనూ "కుమారుడు" అని ఉంటే, 200 ప్రాంతపు పపైరస్‌తో సహా చాలా పాత ప్రతుల్లో ఆ చోట "దేవుడు" అని ఉంది. యేసు దైవత్వాన్ని తగ్గించడానికో, పెంచడానికో ఎవరో కూర్చుని కుట్ర చేసి ఉంటే ఇలా చెల్లాచెదురుగా ఉండదు.

ఈ తేడాలన్నీ మనకు ఎలా తెలిశాయి? ఒక్కో ఊళ్లో ఒక్కో నకలు మిగిలింది కాబట్టి. ఈజిప్టులో దొరికింది స్పెయిన్‌లో దిద్దడం ఎవరి తరమూ కాదు. లాటిన్‌లో ఒక మాట కలిస్తే గ్రీకు ప్రతులు దాన్ని పట్టించాయి. నా మటుకు నాకు ఈ వచనం కథ బైబిల్ మీద నమ్మకం పెంచింది. మీకు వెంటనే అలా అనిపించకపోతే పర్వాలేదు, టైం తీసుకోండి.

మీరు చివర్లో అడిగిన చిన్న ప్రశ్నలకు:

కింగ్ జేమ్స్ పడేయనక్కర్లేదు. మంచి బైబిలే, కాకపోతే 1611 నాటికి అందుబాటులో ఉన్న ప్రతులతో చేసింది. పక్కన ఫుట్‌నోట్లు ఉన్న ఇంకో ఇంగ్లీషు బైబిల్ పెట్టుకోండి, "కొన్ని ప్రతులలో" అని అడుగున ఉన్నవి చదవడం అలవాటు చేసుకోండి.

మీ మిత్రుడితో ముందు "మీరు ఆ వచనం గురించి చెప్పింది కరెక్టే" అనండి. ఇది ముఖ్యం. మనవాళ్లు ఆ వచనాన్ని కాపాడాలని చూసి, దానితోపాటు మిగతాదంతా అనుమానంలో పడేస్తున్నారు. తర్వాత గ్రెగొరీ సంగతి, 1 కొరింథీయులకు 8:6 సంగతి చెప్పండి. గ్రూపులో వద్దు, టీ తాగేటప్పుడు ఎదురెదురుగా కూర్చుని చెప్పండి. త్రిత్వం అంటే దేవుడు, మరియ, యేసు అని ఆయన అనుకుంటున్నారేమో అది కూడా కనుక్కోండి. చాలామంది అలాగే అనుకుంటారు, అప్పుడు మీరు సమాధానం చెప్తున్నది ఆయన ప్రశ్నకే కాకుండా పోతుంది.

మీ పాస్టరు గారి మీద కోపం పెట్టుకోకండి. మన దగ్గర చాలామందికి ఈ రాతప్రతుల సంగతులు నేర్పేవాళ్లే దొరకలేదు. అయితే ఆయన వచ్చే ఆదివారం ఆ వచనం మీదే ప్రసంగం చేస్తే మాత్రం, ఆరాధన అయ్యాక విడిగా కలిసి మర్యాదగా చెప్పండి. త్రిత్వం చెప్పడానికి మత్తయి 28:19 ఉంది, 2 కొరింథీయులకు చివరి ఆశీర్వాదం ఉంది. ఆ ఆశీర్వాదం ఆయన ప్రతి ఆదివారం చేతులెత్తి చెప్తూనే ఉంటారు.

కామెంట్లలో ఇంకేమైనా వచనాలు పెడితే ఒక్కొక్కటిగా చూద్దాం. అపొస్తలుల కార్యములు 8:37 ఎవరో అడుగుతారని నాకు ముందే తెలుసు.